హెడ్‌లైట్ల అమరిక

హెడ్‌లైట్ల అమరిక అనగా కారు ముందు దీపాల వెలుగు రోడ్డుపై తగినంత దూరం పడేటట్లు, ఎదుటివారి కళ్ళలో పడకుండా ఉండేటట్లు వాటి కోణాన్ని సరిచేయడం. విశాఖపట్నంలో గాజువాక, కూర్మన్నపాలెం మీదుగా సాగే 16వ నెంబరు జాతీయ రహదారిపై ఓడరేవు, ఉక్కు కర్మాగారాల లారీలతో పాటు కార్లు, ద్విచక్ర వాహనాలు రాత్రివేళ కూడా తిరుగుతుంటాయి. ఒక్క కారు దీపం పైకి ఉన్నా ఎదురుగా వచ్చే ద్విచక్ర వాహనదారునికి కొన్ని క్షణాలు దారి కనపడదు.

కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లోని 106వ నియమం ప్రకారం దీపానికి 8 మీటర్ల ముందు, 0.5 మీటరు కుడిప్రక్కన, 1.5 మీటర్ల ఎత్తులో ఉన్న కంటికి ఆ వెలుగు మిరుమిట్లు గొలపరాదు.

'''బల్బు మార్పిడి'''

హెచ్4 హాలోజన్ బల్బు సామర్థ్యం లో బీంకు 55, హై బీంకు 60 వాట్లు. అంతకంటే ఎక్కువ వాట్ల బల్బు వేస్తే వైర్లు, హోల్డరు వేడెక్కి కరగవచ్చు. రిలేతో విడిగా వైరింగు వేస్తే ఆ వేడి తగ్గుతుంది గానీ ఎదుటివారి బాధ తగ్గదు. హాలోజన్ కొరకు తయారైన రిఫ్లెక్టరులో ఎల్‌ఈడీ బల్బు పెట్టినప్పుడు, కాంతి పుట్టే చోటు ఫిలమెంటు ఉండవలసిన చోటుకు సరిపోకపోతే వెలుగు చెదురుతుంది. కారు ముందరి రోడ్డు తెల్లగా మెరవడం వలన బాగా కనిపిస్తున్నట్లు తోచినా, దూరాన ఉన్న గుంత కనపడదు. పసుపెక్కిన ప్లాస్టిక్ అద్దాన్ని పాలిష్ చేయించడం చాలాసార్లు కొత్త బల్బుకంటే మేలు.

'''సరిచేసే విధానం'''

టైర్లలో సరిపడా గాలి నింపి, డ్రైవరు సీటులో ఒకరిని కూర్చోబెట్టి, చదునైన నేలపై గోడకు 10 మీటర్ల దూరంలో కారును నిలపాలి. దీపాల ఎత్తు మార్చే మీట ఉంటే సున్నా వద్ద ఉంచాలి. తయారీదారు వేరుగా చెప్పనిచో, లో బీం వెలుగు పైఅంచు దీపం మధ్యభాగం కంటే సుమారు 10 సెంటీమీటర్లు దిగువన పడేటట్లు స్క్రూలు త్రిప్పాలి. భారతదేశంలో వాహనాలు ఎడమవైపు నడుస్తాయి కనుక ఆ అంచు ఎడమవైపునే పైకి లేస్తుంది. కుడివైపు నడిచే దేశాల కొరకు తయారైన దీపాలలో ఇది తారుమారుగా ఉంటుంది. దానిని స్క్రూలతో సరిచేయడం సాధ్యం కాదు.