వాలు స్థలంలో ఇల్లు ఎక్కడ కట్టాలి?

2024 ఆగస్టు 31న భారీ వర్షానికి విజయవాడ మొగల్రాజపురంలో కొండచరియలు ఇళ్లపై విరిగిపడి పలువురు చనిపోయారు. కొండవాలులో జాగా కొన్నవాళ్లు ముగ్గు పోయకముందే, పెద్ద వాన పడ్డప్పుడు నీళ్లు ఎటు పారుతున్నాయో చూసుకోవాలి. ఆ దారిలో ఇల్లు వద్దు. నాలుగు గజాలు కలిసొస్తాయని కొండను నిలువునా తవ్వి, ఆ గట్టు కిందే కట్టడం మరీ ప్రమాదం.

ఇంటి పొడవు వాలుకు అడ్డంగా ఉంటే తవ్వకం తగ్గుతుంది. పునాది సగం గట్టినేల మీద, సగం పోసిన మట్టి మీద ఉంటే గోడలు బీటలు వారతాయి. అంతా గట్టినేల దాకా దింపాలి. పైవైపు కాలువ తీసి వాననీటిని పక్కకు మళ్లించాలి. అడ్డుగోడకు నీళ్లు పోయే రంధ్రాలు ఉంచకపోతే వెనక నీరు నిండి గోడను తోసేస్తుంది. సెప్టిక్ ట్యాంకు ఇంటికీ, బోరుకూ దిగువన ఉండాలి.