ఎల్డర్

నల్ల బ్యాడ్జి మీద తెల్లని అక్షరాలు: ‘ఎల్డర్’, పక్కన ఇంటిపేరు, కింద చర్చి పేరు. పెట్టుకున్న కుర్రాడికి పద్దెనిమిదో పంతొమ్మిదో ఉంటాయి. మార్మన్ చర్చి మిషనరీగా దేశం కాని దేశంలో 24 నెలలు ఉంటాడు.

పాత ఇంగ్లిషులో ‘ఓల్డ్’కు తరతమ రూపం ఈ మాట, అంటే వయసులో పెద్దవాడు. గ్రీకు బైబిల్లోని ‘ప్రెస్బ్యుటెరోస్’కు ఇంగ్లిషులో ఇదే వాడారు, మన తెలుగు బైబిల్లో ‘పెద్దలు’ అన్నారు. మార్మన్లలో మాత్రం ఇది యాజకత్వంలో ఒక హోదా, పెద్ద వయసుతో పనిలేదు. స్పానిష్ బైబిల్లో ‘అన్సియానో’ ఉన్నా, ఆ మాటకు ముసలాయన అన్న అర్థమే ముందు తోస్తుంది. అందుకేనేమో స్పానిష్ మాట్లాడే చోట్ల మిషనరీలూ ‘ఎల్దెర్’ అనే పిలిపించుకుంటారు. అమ్మాయిలు ‘ఎర్మానా’, అంటే సోదరి. వాళ్ల సేవ 18 నెలలు.

ఆరున్నరకు లేవడం, చదువు, ఆపైన మత ప్రచారానికి వీధులు. ఎప్పుడూ ఇద్దరే, ఒకే గదిలో కాపురం. ఇంటివాళ్లు తలుపులు మూసుకున్నా మరో గుమ్మం తొక్కాలి. కలిసి వంట చేసుకునే ఆ ఇద్దరూ ఒకరినొకరు ‘ఎల్డర్’ అనే పిలుచుకుంటారు, పుట్టినప్పుడు పెట్టిన పేరుతో కాదు. 2019 దాకా ఇంటికి ఫోను ఏడాదికి రెండుసార్లే, క్రిస్మస్‌కూ మదర్స్ డేకూ. ఆ వయసుకు అది చాలా బరువని నా నమ్మకం. ఇప్పుడు వారానికోసారి మాట్లాడవచ్చు.

సేవ ముగిశాక బ్యాడ్జి తీసేస్తారు, మళ్లీ మామూలు పేరుతోనే పిలుస్తారు. హోదా మాత్రం పోదు.