వాచికాభినయము: కొంగర జగ్గయ్య

భరతుడు అభినయమును ఆంగిక, వాచిక, ఆహార్య, సాత్త్వికములని చతుర్విధముగా విభజించెను. మన చలనచిత్ర చరిత్రలలో నటుని రూపమునకు లభించిన స్థానము వాచికమునకు లభింపలేదు. ఈ లోపమును గుర్తించుటకు కొంగర జగ్గయ్యగారి జీవితము తగిన ఆధారము.

తెనాలి ప్రాంతమునందలి మోరంపూడిలో జన్మించిన జగ్గయ్యగారు చలనచిత్రములకు పూర్వము ఢిల్లీ ఆకాశవాణిలో తెలుగు వార్తలు చదివిరి. వార్తాపఠనమున ముఖకవళికలకుగాని, హస్తచలనమునకుగాని తావు లేదు. పదచ్ఛేదము, విరామము, ఊనిక, ఇవియే అర్థవాహకములు. 1952లో 'ప్రియురాలు' చిత్రముతో నటులైన పిదప ఈ శిక్షణయే వారికి మూలధనమయ్యెను. 'బంగారుపాప', 'అర్ధాంగి' (1955) వారికి పేరు తెచ్చినవి. తెలుగులోనికి అనువదింపబడిన శివాజీ గణేశన్ చిత్రములు పెక్కింటికి వారు గాత్రదానము చేసిరి. పరుని ముఖమునకు తమ కంఠము నొసగిరి. 'అల్లూరి సీతారామరాజు' (1974)లో రూథర్‌ఫర్డు పాత్ర కథానాయకునకు ప్రత్యర్థి. అయినను ఆ పాత్రకు గాంభీర్యమును సమకూర్చినది ప్రధానముగా ఆ కంఠమే. 'కళావాచస్పతి' యను బిరుదు ఇట్లు సార్థకమైనది.

1967లో ఒంగోలునుండి లోకసభకు ఎన్నికైన జగ్గయ్యగారు 2004లో దివంగతులైరి. చిత్రములందలి కంఠము నేటికిని వినవచ్చును. ఆనాడు ప్రత్యక్షముగా ప్రసారమైన వార్త పలికిన క్షణముననే గాలిలో కలిసెను. కావున లభ్యమగు ధ్వనిముద్రణములను తాళపత్రములవలె సేకరించి, పరిష్కరించి, పరిశీలించుట భాషాపరిశోధకుల కర్తవ్యము.