ఖబర్ ఒక అమానత్

ఆ రాత్రి సత్యవేడులో మా అమ్మీ ఇంట్లో ఉన్నాను. నవంబర్ వాన. ఇషా నమాజ్ అయ్యింది, భోజనాలు అయ్యాయి, నడుం వాల్చాను. ఒక్కసారిగా ఫోన్ అరిచింది. మామూలు రింగ్ కాదు, సైరన్. పక్క గదిలోంచి అమ్మీ కంగారుగా వచ్చింది.

"క్యా హై రే ఓ?"

చూశాను. భారీ వర్షం పడబోతోంది, లోతట్టున ఉన్నవాళ్లు జాగ్రత్త అని తెలుగులో ఉంది. కాసేపటికి ఇంకో పైగామ్ వచ్చింది. అది తమిళంలో ఉంది. మాది సర్‌హద్ మీది ఊరు. ఫోన్ ఏ టవర్‌ను పట్టుకుంటే ఆ వైపు మాట వస్తుంది. నీళ్లకూ సర్‌హద్ లేదు. పిచ్చాటూరు దగ్గర అరణియార్ జలాశయం నిండి గేట్లు ఎత్తితే ఆ నీళ్లు ఊత్తుకోట మీదుగా తమిళనాడులోకి పోయి పులికాట్‌లో కలుస్తాయి.

అమ్మీ చదివింది ఉర్దూ ఒక్కటే. తెలుగు మాట్లాడుతుంది, చదవలేదు. తమిళం అర్థమవుతుంది, అదీ చదవలేదు. అంటే ఖబర్ ఇంటిదాకా వచ్చి అమ్మీ ముందు ఆగిపోయింది. ఇలా ఖబర్ ఆఖరి గడప దగ్గర ఆగిపోవడం మన తారీఖ్‌లో కొత్త కాదు.

1864 నవంబర్ 1న మచిలీపట్నం మీద సముద్రం విరుచుకుపడింది. ఒకప్పుడు గోల్కొండ సల్తనత్‌కు అది పెద్ద బందరు. హజ్ యాత్రికులు ఓడ ఎక్కిన రేవు. ఆ తుఫానులో సుమారు 30,000 మంది పోయారని లెక్క. దానికి నెల ముందే, అక్టోబర్ 5న, కలకత్తాలోనూ పెను తుఫాను వచ్చింది. ఈ రెండు దెబ్బల తర్వాతే అంగ్రేజు సర్కార్ రేవుల్లో తుఫాను హెచ్చరికల ఇంతెజామ్ మొదలుపెట్టింది. 1875లో వాతావరణ శాఖ పుట్టింది. అయితే రేవులో కట్టే ఆ గుర్తులు ఓడల కప్తాన్‌ల కోసం. పాకలో పిల్లల్ని పెట్టుకుని పడుకున్న మనిషి కోసం కాదు.

1908 సెప్టెంబర్ 28న హైదరాబాద్‌లో మూసీ తుగ్యానీ. దాదాపు 15,000 మంది మరణించారంటారు. రుబాయీల షాయర్ అమ్జద్ హైదరాబాదీ ఆ నీళ్లలో తల్లిని, భార్యను, కూతురిని పోగొట్టుకుని తాను మిగిలాడు. తర్వాత నిజాం సర్కార్ మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ వచ్చాయి. నీళ్లను ఆపడానికి గోడలు లేచాయి. నది పొంగుతోందని మనిషిని లేపే పని మాత్రం అలాగే మిగిలింది.

1977 నవంబర్ 19న దివిసీమ. అప్పటికి ఆకాశం నుంచి మేఘాల ఫోటోలు వస్తున్నాయి, రేడియో ఉంది. తుఫాను ఉందని తెలుసు. అయినా పదివేల మందికి పైగా పోయారు. 1864లో ఖబరే లేదు. 1977లో ఖబర్ ఉంది, ఊళ్లకు చేరలేదు.

దివిసీమ దెబ్బ తర్వాత, 1980లలో, ఇన్సాట్ ఉపగ్రహం సాయంతో కొత్త పద్ధతి వచ్చింది. ఆంధ్ర, తమిళనాడు తీరంలో రిసీవర్ పెట్టెలు పెట్టారు. మద్రాసు కేంద్రం నుంచి, తుఫాను ఏ జిల్లాల మీదికి వస్తోందో ఆ జిల్లాల పెట్టెలనే కోడ్‌తో పిలిచేవారు. ముందు సైరన్, తర్వాత స్థానిక జబాన్‌లో మాట. నా ఫోన్ సైరన్‌కు అది దాదా లాంటిది. 1990 మే 9న అంతే భయంకరమైన తుఫాను కృష్ణా తీరాన్ని తాకింది. ఐదు లక్షలకు పైగా జనాన్ని ముందే తరలించారు. మృతుల సంఖ్య వెయ్యి లోపే ఆగింది. పెట్టె ఒక్కటే ఈ పని చేయలేదు. ఇల్లిల్లూ తిరిగిన ఉద్యోగులు, దివిసీమను మరవని జనం, తుఫాను షెల్టర్లు, అన్నీ కలిసి చేశాయి.

ఇప్పుడు మన చేతిలో ఉన్నది ఆ పెట్టె మనవడు. 2023లో సీడాట్, జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ దేశమంతా సెల్ బ్రాడ్‌కాస్ట్ పరీక్షలు చేశాయి. చాలామంది ఉలిక్కిపడ్డారు, గుర్తుందా? ఎస్సెమ్మెస్ అంటే షాదీ రుఖా లాంటిది. పేరు పేరునా, ఇంటింటికీ వెళ్లాలి, ఆలస్యమవుతుంది. సెల్ బ్రాడ్‌కాస్ట్ అజాన్ లాంటిది. ఎవరి పేరూ పిలవదు, ఎవరి నంబరూ అడగదు. ఆ టవర్ పిలుపు అందేంత మేర ఉన్న ప్రతి ఫోన్‌కూ ఒకేసారి చేరుతుంది. అందుకే సెట్టింగుల్లో ఎమర్జెన్సీ అలర్ట్‌ను ఆపేయకండి.

మాకు పొరుగునే శ్రీహరికోట. వాతావరణాన్ని గమనించే ఇన్సాట్-3డీఎస్ 2024 ఫిబ్రవరి 17న అక్కడి నుంచే పైకి వెళ్లింది. రాకెట్ లేచినప్పుడల్లా మా పిల్లలు మిద్దెలెక్కి చూస్తారు. కన్ను మా పక్కనుంచే ఎగిరింది. అది చూసింది మా గల్లీలో అందరికీ తెలుస్తోందా అన్నదే సవాల్.

2018 ఏప్రిల్ 24న మన రాష్ట్రంలో 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయి. పిడుగుల మీద ఫోన్లకు హెచ్చరికలు పంపే ఏర్పాటు అప్పటికే ఉంది. కానీ మడిలో దిగిన కూలీ ఫోన్ గట్టు మీద సంచిలో ఉంటుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖను కొట్టినప్పుడు మొబైల్ నెట్‌వర్కే కూలిపోయింది. కాబట్టి ఫోన్ మీద భరోసా మంచిదే, ఫోన్ ఒక్కదాని మీదే భరోసా మంచిది కాదు. మసీదు మైక్ ఉంది, దానికి బ్యాటరీ ఉందా? మొహల్లాలో చదవలేనివాళ్లు, ఒంటరి వృద్ధులు ఎవరో మసీద్ కమిటీకి తెలుసా? జుమ్మా రోజు ఐదు నిమిషాలు కూర్చుని రాసుకుంటే చాలు.

ఆ రాత్రి రెండు పైగాములూ అమ్మీకి మా ఇంటి మాటలో చెప్పాను. తెలుగుది చదివి, తమిళానిది నాకు తెలిసినంత. అంతా విని ఒక్కటే అడిగింది. "వెనక గల్లీ ఖాలాకు చెప్పినావా? దానికి బటన్ ఫోన్ కూడా లేదు కదరా. ఇల్లు పల్లంలో ఉంది."

చెప్పలేదు. ఆ ఆలోచనే రాలేదు నాకు. ఖబర్ నా చేతికి చేరింది కాబట్టి పని అయిపోయింది అనుకున్నాను.

గొడుగు తీసుకుని బయల్దేరాను. ఖాలా వాకిట్లో అప్పటికే మడమ లోతు నీళ్లున్నాయి. తలుపు కొట్టాను. ఆమెను, బియ్యం డబ్బాను, జుజ్దాన్‌లో చుట్టిన ఖురాన్‌ను మా ఇంటికి తెచ్చాను. తెల్లారి ఫజర్ తర్వాత మౌజన్ సాబ్‌ను కలిసి, మన మొహల్లా పేర్లు రాద్దాం అన్నాను. మొదటి పేరు ఖాలాదే రాశాం.