మరణ పట్టికలు చదివిన బట్టల వర్తకుడు

పదునేడవ శతాబ్దమున లండను నగరవాసులు గురువారము కొరకు ఎదురుచూచెడివారు. ఆనాడు వారపు మరణ పట్టిక వెలువడెడిది. గడచిన వారములో ఎందరిని పూడ్చిరో, ఎవరు ఏ కారణమున పోయిరో అందులో అచ్చుపడియుండెడిది. ఏటికి నాలుగు షిల్లింగులు చెల్లించు కుటుంబములకు ఆ కాగితము అందెడిది.

చదువరులు మొదట అడుగున నున్న మొత్తమును చూచెడివారు. పిమ్మట వింతచావు ఏదైన కలదా యని వెదకెడివారు. నలుగురు కూడినచోట చెప్పుకొనుటకు అది చాలును. ప్లేగు దినములలో మాత్రము దానికి మరియొక ప్రయోజన ముండెను. అంకె పెరిగినచో ధనికులు మూటాముల్లె సర్దుకొని ఊరు విడిచెడివారు. వారు పోయినచో తమ బేరము ఏమగునో వర్తకులు లెక్కవేసికొనెడివారు.

కారణముల జాబితా చదివినచో నేటి వైద్యుడు నవ్వు నాపుకొనలేడు. క్షయ, మశూచికము మొదలగువాని నడుమ "పళ్లు", "దుఃఖము", "భయము", "గ్రహము" అనునవి కూడ మరణకారణములే. ఈ నిర్ణయము చేయువారు వైద్యులు కారు. చనిపోయిన యింటికి పోయి శవమును చూచి వచ్చుటకు ప్రమాణము చేసిన ముసలి స్త్రీలు ప్రతి పేటలోను ఉండిరి. వారు చెప్పినదే పట్టిక కెక్కెడిది.

ఈ కాగితములను పోగుచేసి మొదటినుండి చివరివరకు కూడికలు, తీసివేతలు చేసినవాడు జాన్ గ్రాంటు (1620–1674) అను బట్టల వర్తకుడు. తన గణితము అంగడి గణితమే యని ఆయనయే చెప్పుకొనెను. ఆయన గ్రంథము 1662లో వెలువడెను.

ఇరువది సంవత్సరముల పట్టికలను కూడగా మరణములు 2,29,250 తేలినవి. అందులో పిచ్చిచే పోయినవారు 158 మంది, అనగా సుమారు 1,500 మందిలో ఒకడు. కనుక మతి స్థిరముగా నున్న ఏ మనుష్యుడైనను రాబోవు ఏడేండ్లలో పిచ్చియాసుపత్రిలో చావడని వేయికి ఒకటి చొప్పున పూచీ పడుదునని గ్రాంటు వ్రాసెను. భయపడువారిని ఊరడించుటకు ఇంతకంటె చల్లని మాట ఆ కాలమున వేరొకటి లేకుండెను.

అయితే ఆయన అంకెలను ఊరక నమ్మినవాడు కాడు. సవాయి రోగముచే చనిపోయినవారు అదే లెక్కలో 392 మంది మాత్రమే. నగరము తీరు ఎరిగిన వర్తకునకు ఇది మింగుడుపడలేదు. విచారింపగా, ఒక గుక్కెడు బీరు పుచ్చుకొని, మామూలు రుసుము రెట్టింపు చేతిలో పడినచో ఆ ముసలి స్త్రీలకు రోగి క్షయచే పోయెనో, మరి దేనిచే పోయెనో కనబడదని తెలిసెను. పట్టికలో క్షయ అంత లావుగ నుండుటకు ఇదియు నొక కారణము!

ఈ యనుమానమే ఆయనచే గొప్ప పని చేయించినది. 1625లో లండనునకు ప్లేగు వచ్చెను. పట్టికలనుబట్టి ఆ యేట పూడ్చినవారు 54,265 మంది. వారిలో ప్లేగుచే పోయినవారు 35,417. మిగిలిన 18,848 మంది ఇతర కారణములచే పోయినట్లే గదా? కాని ముందు వెనుక సంవత్సరములలో ఇతర వ్యాధుల చావులు ఏడెనిమిది వేలకు మించలేదు. ప్లేగు వచ్చిన యేడాదియే తక్కిన రోగములన్నియు రెట్టింపు విజృంభించుట ఎట్లు? ప్లేగు పేరు చెప్పినచో యింటికి తాళము పడును, లోనివారు బందీలగుదురు. కనుక పేరు మార్చిరి. దాచబడిన ప్లేగు చావులు సుమారు 11,000 అని గ్రాంటు తేల్చెను. ఆయన చేసినది ఒక్క తీసివేత. 2020, 2021 సంవత్సరములలో కోవిడు కాలమున ప్రపంచ ఆరోగ్య సంస్థ చేసినదియు మూలమున ఈ తీసివేతయే: దేశములు తెలిపిన కోవిడు మరణములు సుమారు 54 లక్షలు కాగా, మామూలుకంటె అధికముగ సంభవించిన మరణములు దాదాపు 1 కోటి 49 లక్షలని అది అంచనా వేసెను.

లండను జనసంఖ్య పది లక్షలనియు, ఇరువది లక్షలనియు పెద్దమనుషులు చెప్పుకొనెడివారు. లెక్కించినవా డెవడును లేడు. గ్రాంటు ఏటి జననములు 12,000 తీసికొనెను. బిడ్డలను కను వయసు స్త్రీ రెండేండ్ల కొకమారు ప్రసవించునేని అట్టివారు 24,000. కుటుంబములు అందుకు రెట్టింపు, 48,000. ఇంటికి భార్యాభర్తలు, ముగ్గురు బిడ్డలు, పనివారో అద్దెకున్నవారో ముగ్గురు, వెరసి ఎనమండుగురు. మొత్తము 3,84,000. చనిపోవువారి సంఖ్యనుబట్టి చూచినను కుటుంబముల లెక్క సరిపోయెను. పెద్దమనుషుల ఇరువది లక్షలు గాలిలో కలిసిపోయెను.

రాయల్ సొసైటీ వారు ఆయనను సభ్యునిగ చేర్చుకొనిరి. ఇట్టి వర్తకులు ఇంకను దొరకినచో వారినందరిని తడవు చేయక చేర్చుకొనుడని రెండవ చార్లెసు రాజు పలికెనని సొసైటీ తొలి చరిత్రకారుడు వ్రాసినాడు.

ఆ గ్రంథములో ఒక చిన్న పట్టిక కలదు. నూరుమంది శిశువులలో ఆరేండ్లకు 64 మంది మిగులుదురు. పదునారింటికి 40, ఇరువదియారింటికి 25, డెబ్బదియారింటికి ఒక్కడు. మరణ పట్టికలలో ఆనాడు వయస్సు వ్రాసెడివారు కారు గనుక నడుమ అంకెలు చాలవరకు గ్రాంటు ఊహయే. అయినను 1669లో క్రిస్టియాన్ హైగెన్సు ఈ యంకెలను కాగితముపై వంపురేఖగ గీచెను. మనుష్యుల ఆయుస్సు గ్రాఫుగ కనబడుట అదియే మొదలు. ఆ యంకెలు ఆయనకును, తమ్ముడు లొదెవైకునకును నడుమ ఒక వాదము రేపినవి. అప్పుడే పుట్టిన బిడ్డకు సగటు ఆయుస్సు 18 ఏండ్లని తమ్ముడు గుణించెను. అన్న రేఖను చూపి, పదునొకండు, పండ్రెండేండ్ల నడుమనే సగముమంది పోవుచున్నారు గదా యనెను. లెక్క ఎవరిదియు తప్పు కాదు. జీవితాంతము వర్షాశనము అమ్మువాడు 18 చూచుకొనవలెననియు, బిడ్డ బ్రతుకుపై పందెము కాయువాడు రెండవ యంకె చూచుకొనవలెననియు క్రిస్టియాన్ తేల్చెను.