మూసీ ఎగువన మృగవని

ధూల్‌పేటకు చేరువగా మూసీనదిపై పురానాపూల్ కలదు. 1578లో ఇబ్రహీం కుతుబ్ షా కాలమున కట్టబడిన ఈ వంతెన హైదరాబాదు నగరముకన్న పదమూడేండ్లు పెద్దది. ఒక ఉదయమున మేము దానిపై నిలిచి నదిని చూచితిమి. క్రింద మురికిధార సన్నగా పారుచుండెను. ఈ నదియే ఒకనాడు నగరమును ముంచినదనిన నమ్మశక్యము కాలేదు.

1908 సెప్టెంబరు 28న ఆ విపత్తు సంభవించినది. ఎగువన కుండపోతగా వర్షము కురియగా మూసీ పరీవాహకమునందలి చెరువులు ఒకదానివెంట నొకటి తెగెను. రెండువందలకు పైబడిన చెరువుల నీరు ఏకమై నగరముపై బడెను. వేలకొలది జనులు మరణించిరి. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి తోటలోని చింతచెట్టు నెక్కి సుమారు నూటయేబది మంది ప్రాణములు దక్కించుకొనిరి.

మరుసటి యేట నిజాము ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని రప్పించెను. వరదకు మందు నగరములో లేదనియు, ఎగువ జలాశయములు నిర్మింపవలెననియు ఆయన సూచించిరి. తత్ఫలితముగా మూసీపై ఉస్మాన్‌సాగరు 1920లోను, ఉపనదియగు ఈసీపై హిమాయత్‌సాగరు 1927లోను పూర్తియయ్యెను. ముంచిన నీరే దాహము తీర్చు నీరాయెను.

మేమును ఎగువకే పయనించితిమి. ఆ సాగరములకు సమీపమున, చిలుకూరువద్ద, మృగవని జాతీయోద్యానము కలదు. 1994లో ఆ హోదా పొందిన ఈ వనము విస్తీర్ణము సుమారు 3.6 చదరపు కిలోమీటర్లు. ఇది వేసవిలో ఆకు రాల్చు ఉష్ణమండలపు అడవి. టేకు, మోదుగ, రేల, వెదురు ఇందు పెరుగును. చుక్కల దుప్పులు, కణుజులు, అడవిపందులు, నెమళ్ళు ఇందు నివసించును. కొంతసేపు మాట్లాడక కూర్చుండగా పొదలచాటునుండి దుప్పుల మంద యొకటి వెలువడి, మమ్ము గాంచి, మరల పొదలలో కలిసిపోయెను.

అడవికిని నదికిని గల సంబంధ మేమి? వానచినుకు మొదట ఆకుపై బడును. పిదప రాలుటాకుల పొరమీదుగా మెల్లగా నేలలో నింకును. వేళ్ళు మన్నును పట్టియుంచును గనుక జలాశయమున పూడిక తగ్గును. ఇంత చిన్న వనము పెద్ద వరదను ఆపజాలదు, నిజమే. కాని సాగరముల చుట్టునున్న నేలయంతయు కాంక్రీటైనచో నీరింకుటకు చోటెక్కడ?

ఈ భయముచేతనే 1996లో 111వ సంఖ్యగల ఉత్తరువు రెండు జలాశయములకు పది కిలోమీటర్ల పరిధిలో కాలుష్యకారక పరిశ్రమలను, భారీ కట్టడములను నిషేధించినది. 2022లో ఆ నిబంధనలను సడలించుచు వేరొక ఉత్తరువు వెలువడినది. నాటినుండి ఆ నేల భవిష్యత్తు వివాదాస్పదమైనది.

సాయంకాలమునకు ధూల్‌పేట చేరితిమి. అచ్చటి శిల్పులు మలచు వినాయక ప్రతిమలు ఏటేట నీటినే చేరును. ఆ నీటి పుట్టిల్లు అనంతగిరి కొండలలో నున్నది. పిల్లలకు మూసీని చూపదలచువారు వంతెనకడనే ఆగక, ఒక సెలవునాడు వారిని ఎగువకు గూడ తోడుకొనిపోవుదురుగాక!