పతకం తర్వాత కోటి, ముందు?

సెయింట్ లూసియా జనాభా దాదాపు 1.8 లక్షలు. మన గద్వాల జిల్లాలోనే 2011 లెక్కల్లో 6 లక్షల మందిమి. 2024 పారిస్ ఒలింపిక్స్ 100 మీటర్ల బంగారం మాత్రం ఆ దేశపు జూలియన్ ఆల్‌ఫ్రెడ్‌దే. పద్నాలుగేళ్లకే జమైకా బడికి పోయింది, తర్వాత టెక్సాస్ యూనివర్సిటీ. పతకానికి ముందే నేర్పేటోళ్లు దొరికిన్రు.

మన దేశంలోనూ 1987లో స్పోర్ట్స్ అథారిటీ వాళ్లు రాజస్థాన్ ఆదివాసీ ఊర్లకే పోయి విలుకాళ్లను వెతికిన్రు. అట్ల దొరికిన లింబారామ్ మూడు ఒలింపిక్స్ ఆడిండు.

2024 పారాలింపిక్స్‌లో వరంగల్ జిల్లా కల్లెడ బిడ్డ దీప్తి జీవాంజి కాంస్యం తెచ్చినంక మన సర్కారు కోటి రూపాయలు ప్రకటించింది. సంతోషమే, కానీ అది గెలిచినంక.

అమ్రాబాద్ చెంచు పెంటల్లో విల్లు ఇంకా ఉంది. వెతకనీకి ఎవరొస్తున్రు? మా హాస్టల్‌కు గ్రౌండ్ ఉంది, కోచ్ లేడు. పొద్దుగూకాల మేమే ఫోన్‌లో టైం చూసుకుంట ఉరుకుతం.